గద్వాలకు తరలివచ్చిన సూక్ష్మజీవులు

దేశ సంపదను మొట్టమొదట చూసిన రోజున నేను దాని మీద కూర్చున్నాను.

గద్వాల స్టేషనులో ఎండ మండిపోతోంది. యుద్ధపు రోజులవి. తూర్పు తీరంలో జపాను విమానాలు బాంబులు వేశాయన్న వార్త మా దాకా అప్పుడే చేరింది. నేను మిషను దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నదాన్ని. నన్ను పెంచిన పెద్దమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని తెలిసి, నేర్చుకోవడం పూర్తికాకుండానే తిరిగొచ్చాను. రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీది కాస్త నీడనూ ఎవరో ఆఫీసరు సామాను ఆక్రమించుకుని ఉంది. పందిరి మంచం, పరుపుచుట్టలు, ఊరగాయ జాడీలు, గడ్డిలో చుట్టిన నిలువుటద్దం. ఎండలో మాత్రం వరసగా చెక్కపెట్టెలున్నాయి. జాడీలను జరగమనలేను కనుక ఒక పెట్టె మీద కూలబడ్డాను.

"లే! లెమ్మంటే!" అని వెనక నుంచి అరుపు వినిపించింది. తెల్ల సూటు వేసుకున్న ఒక లావుపాటి మనిషి గొడుగు ఊపుతూ వచ్చాడు. "అదేమనుకున్నావు? దేశ సంపద! నీలాంటివాళ్లు కూర్చోడానికి కాదు."

నేను లేచి నిలబడ్డాను. "సంపదైతే ఎండల ఎందుకు పెట్టిన్రు సారూ?"

నా మాట ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. కూలీ వైపు తిరిగి, "ఒరేయ్, ముందు జాడీలు! జాడీలు జాగ్రత్త!" అన్నాడు. జాడీలు బండెక్కాయి, మంచం ఎక్కింది, అద్దం ఎక్కింది. పెట్టెలు అక్కడే ఉండిపోయాయి. వాటి పక్కన గొడుగైనా లేకుండా ఒక బక్కపలుచని కుర్రవాడు కాపలా నిలబడి, తన పైకండువా తీసి ఒక పెట్టె మీద కప్పాడు. ఒక కండువా అన్ని పెట్టెలకూ చాలదని అతనికి తెలిసినట్టే ఉంది. అయినా కప్పాడు.

ఆ పెట్టెల్లో ఏముందో తర్వాత తెలిసింది. తీరంలోని ఒక కాలేజీవారు ఏళ్ల తరబడి దేశం నలుమూలల నుంచీ సూక్ష్మజీవులను పోగుచేశారు. కల్లును పులియబెట్టేవి, పాలను తోడుపెట్టేవి, తోళ్లను మెత్తబరిచేవి, పల్లికాయ వేళ్లలో బతికి చేనుకు బలమిచ్చేవి, రకరకాల బూజులు. ఏది ఏ ఊరి మట్టిలో, ఏ చెట్టు బెరడు మీద దొరికిందో రాసి, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా గాజు గొట్టాల్లో పెంచారు. విత్తనాలు దాచుకున్నట్టే ఇదీను. కాకపోతే విత్తనం గాదెలో ఊరుకుంటుంది. ఇవి ఊరుకోవు. పెరుగు తోడును రోజూ కొత్తపాలలోకి మార్చినట్టు వీటినీ ఎప్పటికప్పుడు కొత్త తిండి మీదికి మార్చాలి. మరిచిపోతే చస్తాయి. బాంబులు పడితే అన్నీ ఒక్కసారే పోతాయని, ఒక్కొక్కదానికీ ఇంకో జత గొట్టం చేసి, వాటిని సముద్రానికి దూరంగా మా గద్వాలకు పంపారు. సంస్థానం వాళ్లు మందపు గోడల పాత ధాన్యపు కొట్టొకటి ఖాళీ చేసి ఇచ్చారు. లోపల చల్లగా ఉండేది. వీటిని చూసుకోవడానికి వచ్చిన పెద్ద ఆఫీసరే జాడీల మనిషి.

నన్ను పనిలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు. సూక్ష్మజీవుల తిండికి మాంసం రసం కావాలి. యుద్ధానికి ముందు అది చిక్కటి ముద్దగా డబ్బాల్లో సీమ నుంచి వచ్చేదట. ఓడలు ఆగిపోయాయి. ఇక గొడ్డుమాంసం, మేము పెద్దకూర అనేది, కొనుక్కొచ్చి, కొవ్వు తీసి, ఉడికించి వడకట్టాలి. ఆఫీసరు చేయడు. కండువా కుర్రవాడు, అంటే ఆయన అసిస్టెంటు, మొదటిసారి ఆ వాసనకు గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఊళ్లో అడిగితే పిల్లవాడి నుంచి ముసలివాడి దాకా మా వాడకట్టు వైపు చూపించారు. మా వాళ్లు తరతరాలుగా ఇతరుల చేలల్లో కూలి చేసినవాళ్లు, మా నాయన రోజుల్లో క్రైస్తవులయ్యారు. ఆ వాడలో నర్సు పని నేర్చిన పిల్ల ఉందని తెలిసి కబురు పంపారు.

"మాంసం ముట్టుకోవడానికి నీకు అభ్యంతరం లేదు గదా?" అని అడిగాడు ఆఫీసరు, కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుంటూ.

"వండుత. తింట గూడ," అన్నాను.

ముక్కు చిట్లించాడు. "తినడం గురించి అడగలేదు. రేపటి నుంచి రా."

పెద్దమ్మకు చెబితే మంచం మీద నుంచే నవ్వింది. "సీసలల్ల పురుగులను సాకెటందుకు నౌకరా? మనుషులకు బువ్వ లేదు గని, బూజుకు పెద్దకూర రసమా? ఏం దొరలే బిడ్డా వీళ్లు!"

"గది దేశం సంపద అంట పెద్దమ్మా."

"గట్లనా! మరి జర రసం ఇంటికి తెచ్చుకో. మనం గూడ దేశంలనే ఉన్నం."

తెచ్చేదాన్ని. వడకట్టగా మిగిలిన ముక్కలను పారేయమన్నాడు ఆఫీసరు. ఉప్పూ కారమూ వేసి పెద్దమ్మకు పెట్టేదాన్ని. సంపద తినగా మిగిలింది తిని ఆమె తుంటి అతుక్కుంది.

నా పని పెద్దకూర దగ్గర ఆగలేదు. నెల తిరక్కుండానే గొట్టాలు కడగడం, తిండి కలపడం, ఆవిరి డ్రమ్ములో ఉడికించి శుద్ధి చేయడం నా మీద పడ్డాయి. మాంసం రసంలో అగర్ కలిపి కాచాలి. అది సముద్రపు నాచు నుంచి తీసేది. ఎండిన తెల్లటి పోగుల కట్టలుగా ఉంటుంది. బజారులో చైనా గడ్డి అంటారు. వేడిమీద కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. గొట్టాన్ని వాలుగా పెట్టి చల్లారనిస్తే లోపల ఏటవాలు పలకలా నిలుస్తుంది. ఆ పలక మీద సూక్ష్మజీవిని ప్లాటినం తీగ కొసతో గీస్తారు. తీగను స్పిరిట్ దీపం మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, పాత గొట్టంలో తాకించి, కొత్త గొట్టంలో గీసి, మూతిని మంటకు చూపించి, దూది బిరడా పెట్టడం. ఈ పని అసిస్టెంటు నాకు నేర్పించాడు. అతన్ని నేను చిన్నసారు అనేదాన్ని. అతను నన్ను నర్సమ్మా అనేవాడు. మంచివాడు. మంచితనం తప్ప ఇంకేమీ లేనివాళ్లను చూస్తే నాకు అప్పుడూ ఒళ్లు మండేది, ఇప్పుడూ మండుతుంది.

ఆఫీసరు తీగ పట్టుకోగా నేనొక్కసారీ చూడలేదు. ఉదయం పూజ, టిఫిను, పేపరు. తర్వాత కొట్టు గడప దాకా వచ్చి, "అంతా సవ్యమేనా?" అని అడిగేవాడు. చిన్నసారు "సవ్యమేనండి" అనేవాడు. సగం గొట్టాలు చస్తున్నా "సవ్యమేనండి" అనే మనిషి అతను. నేను నింపిన గొట్టాన్ని ఆఫీసరుకు చూపించాలంటే దాన్ని బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి. నా చేతిలోంచి తీసుకోడు. గొట్టం లోపలుండే రసాన్ని ఉడికించిన చెయ్యి అదే కదా, మరి దానికేం శాస్త్రం చెబుతారో నేను అడగలేదు. సాయంత్రాలు సంస్థానపు పెద్దల దగ్గరికి పోయి కూర్చుని, ఈ అడవిలో తాను పడుతున్న కష్టాలు చెప్పుకునేవాడట. కోట ఉన్న ఊరు, చీరలు నేసే ఊరు, రైలు వచ్చే ఊరు ఆయనకు అడవి. మా భాషంటే మరీ చిన్నచూపు. నేను "తెల్వదు" అంటే, "తెలియదు అనవే, తెలియదు" అని దిద్దేవాడు. నాకు తెల్వనివి రెండో మూడో. ఆయనకు తెలియనివి ఆ కొట్టునిండా ఉన్నాయి.

ఆ మరుసటి ఎండాకాలం రాకముందు ఆయనకో కోరిక పుట్టింది. తీరం నుంచి వచ్చినవాటికి కాపలా కాసినందువల్ల పేరు రాదు కదా. ఈ ప్రాంతపు సూక్ష్మజీవులను కూడా చేర్చితే సేకర్తగా తన పేరు నిలుస్తుంది. దాంతో చిన్నసారును ఊళ్ల మీదికి తరిమాడు. ఆత్మకూరు చేలల నుంచి పల్లికాయ వేళ్లు తెచ్చాడు. మానవపాడు నల్లరేగడి తెచ్చాడు. చివరికి నల్లమలలో మన్ననూరుకు పంపాడు. అడవి శాఖ జవాను ఒకడు తోడుపోయాడు. అక్కడ అడవిలో బతికే ఒక కుటుంబం వాళ్లు, తేనె తీసే చెట్టొకటి చూపించి, దాని మొదట్లో ఏది పడినా తొందరగా కుళ్లదని చెప్పారట. ఆ మొదట్లోని మట్టిని మోదుగాకులో చుట్టి తెచ్చాడు చిన్నసారు. మట్టితో పాటు జ్వరాన్నీ తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో క్వినైనుకూ కరువే. రోజు మార్చి రోజు వణుకుతూ పడుకునేవాడు.

వణుకు లేని రోజున కొట్టులోకి వచ్చి ఆ మట్టిని నీళ్లలో కలిపి, గాజు పళ్లెంలో పోసిన తిండి మీద చల్లాడు. కొద్ది రోజులకు నన్ను కేకేశాడు.

"నర్సమ్మా, ఇటు రండి. ఇది చూడండి."

పళ్లెం నిండా తెల్లటి, బూడిదరంగు చుక్కలు ఒకదాని మీదొకటి ఎగబడి మొలిచాయి. ఒకచోట మాత్రం పసుపుపచ్చని బూజు గుండ్రంగా, పసుపు కొమ్ము నూరినట్టు, ఒంటరిగా ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు. ఎవరో వేలితో తుడిచినట్టు ఖాళీ.

"దీని దగ్గరికి ఏదీ రావడం లేదు," అన్నాడు. జ్వరం కళ్లు మెరుస్తున్నాయి. "దీనిలోంచి ఏదో ఊరుతోంది. మిగతావాటిని రానివ్వడం లేదు."

"అంటే ఏమైతది?"

"ఏమవుతుందో తెలియదు. అదే గదా!" అని నవ్వాడు. అతను నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

ఆఫీసరు గడప దగ్గర నిలబడి విన్నాడు. గొట్టం మీద మన్ననూరు అని, సేకర్త అన్నచోట తన పేరు రాయమన్నాడు. చిన్నసారు రాశాడు. ఆ పేరుగల మనిషి మన్ననూరును పటంలో కూడా చూపించలేడు.

వేసవి ముదిరింది. కొట్టు గోడలు కూడా వేడెక్కాయి. గొట్టాల్లో తిండి ఎండి, ముడుచుకుని గాజును వదిలేస్తోంది. త్వరత్వరగా కొత్త తిండి మీదికి మార్చాలి. అదే సమయానికి చైనా గడ్డి కరువైంది. అసలది జపాను నుంచే వచ్చేది, ఆ జపానుతోనే యుద్ధం. ఉన్న కట్టలు అయిపోతూ వచ్చి, చివరికొకటి మిగిలింది. దాన్ని ఆఫీసరు తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. దొంగలెత్తుకుపోతారట. పోగులు అడిగినప్పుడల్లా గుప్పెడు కూడా రాకుండా చిటికెడు చొప్పున ఇచ్చేవాడు. ఆ చిటికెళ్లతో ముఖ్యమైనవి ముందు మార్చాం. మన్ననూరు బూజు వంతు తర్వాతి వారం వస్తుందనగా ఒక వార్త వచ్చింది. దేశంలోని ఇలాంటి సూక్ష్మజీవుల సేకరణలన్నిటినీ ఒక వ్యవస్థ కిందికి తేవాలని పైనున్నవారు కమిటీ వేశారు. ఆ కమిటీ గద్వాలకు వస్తోంది. నచ్చితే దీన్ని శాశ్వతం చేసి, ఈయన్నే అధిపతిగా నియమిస్తారు.

ఆ వారమంతా ఆఫీసరు కొట్టులో పని గురించి ఒక్క మాట అడగలేదు. గోడలకు సున్నం, గడపకు రంగు, వంటకు కూరగాయలు. కమిటీ వచ్చేందుకు ఒక రోజు ముందు నేను బూజు గొట్టం పట్టుకుని పోగుల కోసం ఆఫీసరు ఉండే బంగళాకు పోయాను. వెనక వాకిట్లో ఆయన వంటమనిషి ఇత్తడి గిన్నెలో ఏదో నానబెట్టి, చేత్తో పిసికి నీళ్లు వంపుతున్నాడు. దగ్గరికి పోయి చూశాను. తెల్లటి పోగులు.

"అయ్యా, గది సీసలకు పెట్టిన గడ్డి గద?"

"నాకేం తెలుసు? అయ్యగారిచ్చారు. పాలల్లో కాచి, గులాబీ పన్నీరు వేసి, ముక్కలు కోయమన్నారు. పెద్దలకు చలవ."

కట్ట మొత్తం గిన్నెలోనే ఉంది. బీరువా తాళం దొంగల కోసం కాదని అప్పుడు తెలిసింది.

ఆఫీసరు వసారాలో గడ్డం గీయించుకుంటున్నాడు. నేను మెట్ల కింద నిలబడి చెప్పాను. "సారూ, గడ్డంత మిఠాయిల పోసిన్రు. రేపటికి మార్చకపోతే మిగిలినయన్ని సస్తయి. మన్ననూరుది గూడ సస్తది."

మంగలి కత్తి ఆగింది. ఆయన కదలకుండానే పెదవులతో మాట్లాడాడు. "చూడమ్మాయ్. ముందు కమిటీ కుదరనీ. కుదిరిందంటే అగర్ బండ్లకొద్దీ వస్తుంది. అప్పుడు ఎన్నైనా పెంచుకోవచ్చు."

"సచ్చినయి ఎట్ల పెరుగుతయి?"

"ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. మట్టికేం కరువా?" అని మంగలికి సైగ చేశాడు. కత్తి మళ్లీ కదిలింది. దానితో నా విన్నపం ముగిసింది.

దేశ సంపదను కాపాడే మనిషి చెప్పిన మాట అది. ఆయన్ను నేను అంతవరకు మూర్ఖుడనుకున్నాను. మూర్ఖుడైతే కొంత క్షమించేదాన్ని. తాను దేన్ని పోగొడుతున్నాడో ఆయనకు బాగా తెలుసు. దానికంటే తన కుర్చీ ముఖ్యమని లెక్క చూసుకున్నాడు, అంతే.

కొట్టుకు తిరిగొచ్చి చిన్నసారుకు చెప్పాను. తెల్లబోయాడు.

"రేపు కమిటీకి చెప్పుండ్రి," అన్నాను.

"నేనెలా చెప్పను? ఆయన పైవారు గదా."

"నోరు లేదా మీకు?"

"ఉద్యోగం పోతుంది నర్సమ్మా. ఇంటి దగ్గర మా అమ్మ..."

"నాకు గూడ పెద్దమ్మ ఉన్నది," అన్నాను. అతను తల దించుకున్నాడు. ఆ దించుకున్న తలను చూస్తే జాలి రావాలి. నాకు రాలేదు.

అయితే చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఇద్దరం. చైనా గడ్డి లేకపోతే మరోటి చూద్దామన్నాను. గెనుసుగడ్డలు తెచ్చి, ఏటవాలుగా కోసి, గొట్టాల్లో దూర్చి ఆవిరి పట్టాను. అతను బియ్యపు పిండిని మాంసం రసంలో గట్టి గంజిలా కాచి చూశాడు. నా గెనుసుగడ్డలు వారం తిరక్కుండా నీరు కారి, జిగురై, కంపు కొట్టాయి. అతని గంజి మీద గట్టి ప్రాణమున్న కొన్ని బూజులు నిలిచాయి. చాలావరకు పోయాయి. మన్ననూరుదాన్ని రెండింటి మీదా గీశాం. గెనుసు మీద తెల్లటి నూగులా మొలకెత్తి, ఇంకేదో వచ్చి మింగేసింది. గంజి మీద అసలు మొలవనే లేదు. పాత గొట్టంలోది అప్పటికే ఎండి, తీగ తగిలితే పొడిలా రాలింది. ఆ పొడిని నీళ్లలో కలిపి, రసంలో వేసి, రోజూ ఉదయం వెలుతురుకు ఎత్తి చూసేవాడు చిన్నసారు. రసం తేటగానే ఉండేది. ఒకరోజు చూస్తూ చూస్తూ అలాగే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. మగవాడు బూజు కోసం ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు. పక్కన కూర్చుని అతని చేతిలోంచి గొట్టం తీసుకున్నాను.

కమిటీ సంగతి మధ్యలో వదిలేశాను. చెబుతాను.

నేను బంగళాకు పోయి వచ్చిన మరునాడే వచ్చారు. ముగ్గురు పెద్దమనుషులు. వాళ్లలో పెద్ద, నెరిసిన మీసాలాయన, మద్రాసు వైపు మనిషి, తెలుగు వచ్చు. కొట్టులో చచ్చిన గొట్టాలన్నిటికీ పాత బిరడాలు తీసి కొత్త దూది పెట్టించాడు ఆఫీసరు. అల్మారాల నిండా తెల్లగా, మల్లెమొగ్గల్లా ఉన్నాయి. పన్నీరు చల్లించాడు. అయినా పొయ్యి మీద నా పెద్దకూర ఉడుకుతోంది. గడప దాకా వచ్చి ముగ్గురూ జేబురుమాళ్లు తీశారు. పెద్దాయన ఒక్కడు లోపలికి రెండడుగులు వేసి, దగ్గరగా ఉన్న ఒక బిరడాను వేలితో తాకి, "చాలా శుభ్రంగా ఉంచారే!" అన్నాడు. అంతే. ఒక్క గొట్టాన్నీ ఎత్తి వెలుతురుకు పట్టలేదు. ఏళ్ల తరబడి ఎవరెవరో బురదలో దిగి, చెట్లెక్కి, జ్వరాలు తెచ్చుకుని పోగుచేసినదాన్ని జేబురుమాలు చాటున చూసి పోయారు.

తర్వాత భోజనాలు. వడ్డించే చోటికి నేను పోకూడదు. వాకిట్లో తొట్టి పక్కన నిలబడి ఉన్నాను. పాలముక్కల కోసం పళ్లేలు మళ్లీమళ్లీ లోపలికి పోవడం కనిపించింది. భోజనం ముగిసి పెద్దాయన చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చాడు. నన్ను చూశాడు.

"నువ్వేం చేస్తావమ్మా ఇక్కడ?"

"ఆ సీసలల్లవాటికి తిండి చేస్త సాబ్."

"మంచిది. ఏం తిండి?"

"మీరిప్పుడు తిన్నది," అన్నాను. "తెల్లటి మిఠాయి. గది సీసలకు పెట్టిన గడ్డి. మల్ల దొరకదు. మీకు వండిండ్రు గని, లోపల సగం సచ్చినయి. కొత్త దూది పెట్టిండ్రు, గంతే."

ఆయన చెంబు పట్టుకుని నా వైపు చూశాడు. వెనకాల ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు, ముఖంలో నెత్తురు లేదు. పెద్దాయన పెద్దగా నవ్వాడు. "మీ పనిమనిషి హాస్యం బాగుందండీ!"

ఆఫీసరు ఇంకా పెద్దగా నవ్వాడు. "ఈ ప్రాంతంవాళ్ల హాస్యం ఇలాగే మోటుగా ఉంటుందండీ."

ఇద్దరూ తిరిగి లోపలికి పోతుంటే పెద్దాయన ఇంగ్లీషులో అన్న మాట నాకు వినిపించింది. మిషను దవాఖానలో మా టీచరమ్మ తెల్లమనిషి. ఆ భాష నాకు వస్తుందని వాళ్లకు తోచలేదు. "మళ్లీ వచ్చినప్పుడు మామిడిపండ్లు పెట్టండి, చాలు," అన్నాడాయన.

అంటే ప్రతి ముక్కా అర్థమైంది. నమ్మాడు కూడా. నమ్మి, మూతి తుడుచుకున్నాడు. ఆఫీసరు మీద నాకున్న అసహ్యమంతా ఆ క్షణంలో చాలా చిన్నదైపోయింది. ఆయన ఒక్కడే అనుకున్నాను గదా. వరసలో నిలబడి ఉన్నారు.

నన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే పెద్దకూర ఎవరు ఉడికిస్తారు? ఆఫీసరు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. దానివల్ల నాకు నష్టం లేదు. కొంత కాలానికి ఆయన్ను అధిపతిగా నియమించినట్టు ఉత్తర్వు వచ్చింది. చచ్చినవీ బతికినవీ అన్నిటినీ పెట్టెల్లో సర్దించి, రైలెక్కి ఉత్తరాదికి పోయాడు. చిన్నసారు కూడా వెంట పోయాడు. నేను నాగర్‌కర్నూలు దవాఖానలో కుదిరాను. కఫం చూసి క్షయ ఉందో లేదో చెప్పే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. తీగ పట్టడం, మంటలో కాల్చడం అక్కడా అదే. పెద్దమ్మను కూడా తెచ్చుకున్నాను. ఆమె కర్ర ఊతంతో వీధి చివరి దాకా నడిచేది. ఎవరడిగినా, "మా బిడ్డ ఇప్పుడు మనుషుల పురుగులను చూస్తది, గది మేలు," అని చెప్పేది.

యుద్ధం ముగిశాక ఒకనాడు దవాఖాన వాకిట్లో చిన్నసారు కనిపించాడు. కాస్త ఒళ్లు చేశాడు. మంచి కోటు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. లోపలికి పిలిచి చాయ్ తెప్పించాను.

అక్కడ ఇప్పుడు రాతి మేడ కట్టారని చెప్పాడు. చల్లటి గది ఉందట, అగర్‌కు లోటు లేదట. గద్వాలలో పోయినవాటిలో చాలావరకు మళ్లీ వచ్చాయట. ఇంకో కాలేజీలోనో, ఇంకో దేశంలోనో వాటి జతలున్నాయి, అడిగితే పంపారు. ఆఫీసరు దాని మీద ఉపన్యాసాలిస్తూ ఊళ్లు తిరుగుతున్నాడట.

"మన్ననూరుది?" అని అడిగాను.

"దానికి జత లేదు నర్సమ్మా. ఉన్నదొకటే." చాయ్ కప్పు పక్కన పెట్టాడు. "అక్కడి నుంచే వస్తున్నాను. ఆ చెట్టు లేదు. యుద్ధంలో బస్సులను బొగ్గుతో నడిపారు గదా, బొగ్గుకని ఆ వైపంతా కొట్టేశారు. చూపించినవాళ్లు కూడా అక్కడ లేరు. ఎటుపోయారని అడిగితే జవానుకు తెలియదు. ఇంకా లోపలికి పోయి దొరికిన ప్రతి చెట్టు మొదట్లోనూ మట్టి తెచ్చాను. ఇప్పటికి మూడు సార్లు వచ్చిపోయాను. అలాంటిది మొలవలేదు."

అది ఏదైనా పెద్ద మందయ్యేదా, ఏమీ కాకపోయేదా నాకు తెలియదు. ఇంకెవరికీ తెలియదు. తెలుసుకునే దారినే నమిలి మింగారు.

"ఆ రోజు నేను నోరు విప్పి చెప్పి ఉంటే..." అని ఆగాడు.

అతన్ని ఓదార్చాలని నాకు లేదు. అబద్ధం చెప్పాలనీ లేదు. "చెప్పినా గంతే," అన్నాను. "నేను చెప్పిన గద. ఇన్నరు, నవ్విన్రు. మీరు చెప్పుంటే మిమ్మల్ని జూసి గూడ నవ్వేటోళ్లు."

అతను తల ఊపాడు. బల్ల మీది నా సూక్ష్మదర్శిని వైపు చూసి, చిన్నపిల్లవాడిలా, ఒకసారి చూడవచ్చా అన్నాడు. జరిగి చోటిచ్చాను. కన్ను పెట్టి, మర తిప్పుకుని, చాలాసేపు చూశాడు. ఎర్రటి పుల్లముక్కల్లాంటి క్షయ క్రిములు, నీలం రంగు నేల మీద. ఎవరిదని అడిగాడు. బయట అరుగు మీద దగ్గుతూ కూర్చున్న అచ్చంపేట ఆడమనిషిదని చెప్పాను. అతను తల తిప్పి కిటికీలోంచి ఆమెను చూశాడు.

"జర జరగండి చిన్నసారూ," అన్నాను. "ఆమెకు చెప్పాలె. పొద్దుగాలటి నుంచి కూసున్నది."